చుక్క నీరు రాని పడవ

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: ఒడ్డు కనిపించనంత దూరంలో, భర్త నిలబడిన పడవ అడుగున నీళ్లు చేరడం. గాలివాన కాదు, కెరటం కాదు. అవి వస్తే అందరికీ కనిపిస్తాయి, అందరూ పరిగెడతారు. చడీచప్పుడు లేకుండా అడుగునుంచి పైకి వచ్చే నీళ్లే ఆమె భయం. చంటిదానికి పాలిస్తున్నప్పుడు, గిన్నెలు తోముతున్నప్పుడు ఉన్నట్టుండి ఆ నీళ్లు కళ్ల ముందు మెదిలేవి. అరికాళ్లు చల్లబడేవి. అటూ ఇటూ చూసి, ఎవరూ చూడకుండా పాదాలు తుడుచుకునేది.

ఇన్నాళ్లూ అతను ఎవరెవరి పడవల మీదో కూలికి వెళ్లేవాడు. భయం వేసినప్పుడల్లా, పడవ వాళ్లది, చూసుకోవాల్సిందీ వాళ్లే అని సర్దిచెప్పుకునేది. ఇప్పుడు పడవ సొంతమైంది. పాతదే అయినా సొంతం. దాంతో భయాన్ని తోసేయడానికి ఇంకో ఇల్లు లేకుండా పోయింది.

పడవ అమ్మింది రేవు చివరి షెడ్డులో ఉండే ముసలాయన. ఆ రేవులో చెక్క పడవ ఎవరిది పాడైనా బాగుచేసేది ఆయనే. రోజంతా కొయ్యసుత్తి చప్పుడు వినిపించేది గాని ఆయన గొంతు వినిపించేది కాదు. అయినా ఆయన పేరు సుత్తి తాతే. "నోరు విప్పని సుత్తి ఈ లోకంలో ఇదొక్కటే వదినా" అని మరిది నవ్వేవాడు.

అమ్మిన పడవ రెండు వేసవులుగా ఇసుకలో బోర్లా పడి ఉంది. ఎండ నెత్తి మాడ్చేస్తుంటే ఆమె చంటిదాన్ని ఎత్తుకుని దాని కిందికి దూరింది. నీడ కోసం దూరిన మనిషి అలాగే కొయ్యబారిపోయింది. ఆ చీకట్లో, తల మీద, ఒకదాని పక్కన ఒకటిగా వెలుగు గీతలు. పలకకీ పలకకీ మధ్య సందు ఉన్న ప్రతిచోటా ఎండ లోపలికి దిగుతోంది. చంటిది చేతులు చాచి ఆ గీతల్ని పట్టుకోబోతూ కేరింతలు కొట్టింది.

ఆమె వంగి బయటికొచ్చింది. భర్త, మరిది, తాత పడవకి అవతలివైపు నిలబడి ఉన్నారు.

"తాతా, ఇది పడవా, జల్లెడా?"

మరిది పకపకా నవ్వాడు. భర్త మాత్రం "ఏయ్, ఏం మాటలవి" అన్నాడు.

తాతకి కోపం రాలేదు. అరచేతిని పలక మీద వేసి, పశువు వీపు నిమిరినట్టు నిమిరాడు. "ఎండిపోయింది కదమ్మా, బిగుసుకుని చిన్నదైంది. నీళ్లు తాగితే ఉబ్బుతుంది. ఉబ్బితే పలకలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి." తర్వాత మగవాళ్లవైపు తిరిగాడు. "సందుల్లో నార పెట్టండి. మెత్తగా పెట్టాలి. వేలితో నొక్కితే దిగాలి. సుత్తి ముట్టుకోవద్దు. దాన్ని ఒడ్డునే లోతు తక్కువ నీళ్లలో కట్టి వదిలేయండి. మునిగినంత మునుగుతుంది, కంగారు పడొద్దు. దానంతట అది తేలాలని చూసేదాకా ఉంచి, నీళ్లు తోడి, అప్పుడు ఎక్కండి."

"మునగనిచ్చి ఎక్కాలా?" అంది ఆమె.

"దాహం తీరనివ్వాలి తల్లీ. ఉబ్బడానికి చోటూ ఉంచాలి."

తాత అంత మాట్లాడటం ఆ రేవులో ఎవరూ చూడలేదు. అన్నదమ్ములు ఆయన చెప్పినట్టే చేశారు. నార పేని, తాడులా తిప్పి, బొటనవేలితో సందుల్లోకి అదుముతూ పోయారు. ఆమె పక్కన కూర్చుని చూసింది. నార పెట్టిన చోట వేలితో నొక్కి చూసుకుంది. వేలు దిగింది. వేలు దిగిన చోట సముద్రం ఆగుతుందా?

మర్నాడు పొద్దున్నే మగవాళ్లిద్దరూ మరమ్మతుకిచ్చిన ఇంజను తెచ్చుకోవడానికి బండి కట్టించుకుని వెళ్లారు. అత్త చేపల వేలంలో కూర్చుంది. రేవంతా ఎవరి పనుల్లో వాళ్లున్నారు. ఆమె పాత చీరతో పడవ పక్కన ఊయల కట్టి చంటిదాన్ని పడుకోబెట్టింది. పనిముట్ల సంచిలోంచి కొయ్యసుత్తి, మొద్దుబారిన ఉలి తీసింది.

మొదట అడుగు దూలం పక్కన ఉన్న సందు ఒక్కటే చూద్దామనుకుంది. ఉలిని నార మీద ఆనించి ఒక దెబ్బ వేసింది. నార లోపలికి దిగి సందు మళ్లీ ఖాళీ అయింది. "చూశావా, ఇంత ఖాళీ వదిలేశారు" అనుకుంది పైకే. ఇంకాస్త నార కూరింది. ఇంకో దెబ్బ. మెత్తటి చప్పుడు క్రమంగా గట్టి చప్పుడైంది. గట్టి చప్పుడు వినిపించాకే పక్కకి జరిగేది. ఒక సందు అయ్యాక పక్క సందు మెత్తగా, దిక్కులేనిదానిలా కనిపించేది. దాన్నీ వదలలేకపోయింది. భుజం లాగేస్తున్నా, చంటిది ఏడ్చినప్పుడు కాలితో ఊయలని ఊపుతూ, చేత్తో సుత్తి ఆపలేదు. రేవులో సుత్తి చప్పుడు వినిపిస్తే ఎవరు తిరిగి చూస్తారు?

నార అయిపోయింది. ఆమె ఊయల్లోంచి చంటిదాని కింద పరిచిన గుడ్డ లాగింది. నీలం మీద తెల్ల చుక్కలున్న గుడ్డ, ఉతికి ఉతికి పల్చబడింది. పళ్లతో అంచు కొరికి పేలికలుగా చింపి, పేని, సందుల్లోకి దిగ్గొట్టింది. దాని మీద, ఇంజను దిమ్మె కోసం భర్త కొనితెచ్చిన లప్పం కలిపి పూసింది. ఆరితే రాయైపోయే రకం. బొటనవేలితో నున్నగా రుద్ది, అన్నదమ్ములు రాయగా మిగిలిన తారు పైన రాసేసరికి ఎవరి చేతిపనో తెలియకుండా పోయింది.

తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చిన అత్త ఆగింది. "ఏమిటే అమ్మాయ్, మగాళ్లు చేసిన పనేగా అది?"

"కాస్త సర్దుతున్నా అత్తా, అంతే."

"నీ భయం కేజీల లెక్కన అమ్మితే ఇంకో పడవ కొనుక్కోవచ్చు" అని అత్త తట్ట సర్దుకుని వెళ్లిపోయింది.

ఆ రాత్రి ఆమె భర్త కంచంలో రెండోసారి వడ్డిస్తూ చెబుదామనుకుంది. అతను ఇంజను గురించి మాట్లాడుతున్నాడు. ఆ మాటల మధ్యలో ఇదెక్కడ పెట్టాలో తెలియలేదు.

పడవని నీళ్లలోకి దింపిన సాయంత్రం రేవులో సగం మంది చూడటానికి వచ్చారు. ఎండిన పడవ నీళ్లలో పడితే ఎలా నిండుతుందో అందరికీ తెలుసు. పందేలు కూడా వేసుకున్నారు. మరిది తోడిపోసే డబ్బా పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. కాసేపయింది. అతను వంగి అడుగున తడిమాడు. చేతిని పైకెత్తి అందరికీ చూపించాడు. పొడిగా ఉంది.

"చుక్క లేదు! అన్నయ్యా, చుక్క లేదు!"

భర్త పడవలోకి దూకి గెంతాడు. ఇటు గెంతాడు, అటు గెంతాడు. పొడి. ఒడ్డున ఒకాయన "ఏం మంత్రం వేశావురా" అని కేక పెట్టాడు. భర్త నవ్వుతూ ఆమెవైపు చూశాడు. పెళ్లినాటి నుంచీ అతని ముఖం అంత తేలికగా ఉండటం ఆమె చూడలేదు. నేనే, అనబోయింది. పెదాల దాకా వచ్చింది. ఈ ఆనందమంతా నా చేతి చలవే అని లోపల్లోపల మురిసిపోయి, ఆ మురిపెం ఎక్కడ ఒలికిపోతుందోనని చంటిదాన్ని గుండెకి హత్తుకుంది.

తాత వచ్చాడు. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, వంగి, పడవ లోపల అరచేయి పెట్టాడు. చాలాసేపు తీయలేదు. ముఖం చిట్లించాడు.

"అసలు రాలేదా?"

"నీ పడవ నీకే తెలియదా తాతా!" అన్నాడు మరిది.

"సందుల్లో ఏమైనా కూరారా?"

"నువ్వు చెప్పినంతే" అన్నాడు భర్త. అబద్ధం కాదు. అతనికి తెలిసింది అంతే.

తాత చూపు అన్నదమ్ముల మీదుగా ఆమె దాకా వచ్చి ఆగింది. అప్పుడు చెప్పవచ్చు. ఒక్క మాట. కాని చుట్టూ నవ్వులు, భర్త నవ్వు. ఆమె చంటిదాని చొంగ తుడుస్తూ తల వంచుకుంది.

"ఎందుకైనా మంచిది, కొన్నాళ్లు ఇక్కడే కట్టి ఉంచండి" అన్నాడు తాత.

"ఎందుకు, ఇంకా దాహం తీరలేదా?" అన్నారెవరో. అందరూ గొల్లుమన్నారు. తాత ఇంకోసారి "నా మాట విను బాబూ" అన్నాడు. భర్త ఆయన భుజం మీద చెయ్యి వేసి, "పడవ మీద బెంగ పెట్టుకున్నావు తాతా, బాగా చూసుకుంటాంలే" అని నవ్వాడు.

తెల్లవారుతూనే పడవ బయల్దేరింది. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. ఒక రాత్రి సముద్రం మీద ఉండి మర్నాడు తిరిగి రావాలి. అతను వేటకి వెళ్లిన రాత్రుల్లో ఆమెకు కంటిమీద కునుకు ఉండేది కాదు. ఆ రాత్రి మాత్రం పడుకుంటూనే నిద్రపోయింది. చంటిది ఏడిస్తే అత్త వచ్చి తట్టి లేపాల్సి వచ్చింది. "బతికించావే తల్లీ, నీకూ నిద్ర అనేది ఒకటుందన్నమాట" అంది అత్త.

మర్నాడు పొద్దెక్కింది. పడవలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. వాళ్లది రాలేదు. ఎండ వాలుతుండగా పెద్ద పడవ ఒకటి మెల్లగా, ఏదో బరువు లాగుతున్నట్టు వచ్చింది. దాని వెనక తాడు. తాడు చివర, అంచుల దాకా నీళ్లలో కూరుకుపోయి, వాళ్ల పడవ.

ఆమె పరిగెత్తలేదు. పెద్ద పడవ మీద ఇద్దరు మనుషుల్ని లెక్కపెట్టుకున్నాక ఇసుకలో కూలబడింది. ఇద్దరూ ఉన్నారు. భర్త ముఖం బూడిదలా ఉంది. మరిది కుడిచేతికి చుట్టిన చొక్కా ఎర్రగా తడిసి ఉంది. లాగుడు తాడు కట్టేటప్పుడు రెండు పడవల మధ్య చెయ్యి పడింది. రెండు వేళ్లు పోయాయి. వల పోయింది. ఇంజను ఉప్పునీళ్లు తాగింది.

అందరూ కలిసి పడవని ఒడ్డుకి లాగారు. అడుగున ఒకవైపు పలకలు మేకులతో సహా లోపలి వంపు కొయ్యల నుంచి ఊడి, బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి.

"పుచ్చిపోయిన పడవ అంటగట్టాడు" అన్నాడు రేవు పెద్ద. ఆ మాట అప్పటికే అందరి నాలుకల మీదా ఉంది, ఆయన బయటికి అన్నాడంతే. "ఏదీ ఆ ముసలాడు?"

తాత అప్పటికే అక్కడున్నాడు. ఎవరి మాటా విననట్టు మోకాళ్ల మీద కూర్చుని పలకల్ని తడుముతున్నాడు. ఊడిన పలక అంచు నుంచి రాయిలాంటి లప్పం పెచ్చు ఒకటి విరిచాడు. దాని వెనక నుంచి వేళ్లతో ఏదో లాగాడు. నీలం పేలిక. దాని మీద తెల్ల చుక్కలు.

ఆమె ఆ గుడ్డని గుర్తుపట్టింది. అప్పుడు అర్థమైంది. పలకలు దాహంతో ఉబ్బాయి. ఉబ్బడానికి చోటు లేదు. పక్కకి జరగలేక, మేకుల్ని పెరుక్కుని బయటికి దూకాయి. తాత చెప్పిన ప్రతి మాటా ఆమె విన్నది. విని, నమ్మలేకపోయింది.

తాత ఆ పేలికని చూశాడు. తలెత్తి ఆమెని చూశాడు. ఆమె చంకలో ఉన్న చంటిదాన్ని చూశాడు. పేలికని ఉండలా చుట్టి పిడికిట్లో మూసేశాడు.

"ఏం తాతా, నోరు పెగలదే?" అన్నాడు పెద్ద. "ఇద్దరు మగాళ్ల ప్రాణాలు పోయేవి. ఏమంటావు?"

తాత లేచి మోకాళ్ల ఇసుక దులుపుకున్నాడు. "పడవని షెడ్డుకి లాగించండి. నేను బాగుచేసి ఇస్తాను."

"తప్పు ఒప్పుకున్నట్టేగా?" అన్నారెవరో. ఆయన అవుననలేదు, కాదనలేదు. పిడికిలి విప్పకుండానే షెడ్డువైపు నడిచాడు. ఆమెకు మొదట కలిగింది సంతోషం. ఒళ్లంతా తేలికైపోయిన సంతోషం. ఆ వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ తర్వాత రేవులో ఒక్కటే సుత్తి చప్పుడు. అది వాళ్ల పడవ మీదే. మిగతా పనులు ఆయనకి ఇవ్వడం మానేశారు. షెడ్డు ముందు వరుసగా పడి ఉండే పడవల్ని ఎవరివి వాళ్లు లాక్కుని, అవతలి రేవు వడ్రంగి దగ్గరికి చేర్చారు. తాత ఒక్కడే రాయిలాంటి లప్పాన్ని ఉలితో పెచ్చులు పెచ్చులుగా చెక్కుతూ, లోపల దిగ్గొట్టిన నారని, గుడ్డని కొక్కెంతో లాగుతూ కూర్చున్నాడు. ఆమె కట్టుకున్న గట్టితనమంతా విప్పడానికి, కట్టడానికి పట్టిన దానికంటే చాలా ఎక్కువ పట్టింది. ఆమె అన్నం డబ్బా పట్టుకుని సగం దూరం వెళ్లేది. ఆ ఉలి చప్పుడు వినగానే వెనక్కి వచ్చేసేది.

ఇంట్లో మరిది ఎడమచేత్తో తినడం నేర్చుకుంటున్నాడు. ముద్ద జారి ఒళ్లో పడితే, "చూడు వదినా, చంటిదీ నేనూ ఒకే తరగతి" అని నవ్వేవాడు. అత్త మాత్రం నవ్వేది కాదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి, "ఆ ముసలాడి చేతులు పడిపోనూ" అని తిడుతూనే ఉండేది. ఆ తిట్టు పడ్డ ప్రతిసారీ ఆమె తన చేతుల్ని కొంగు కింద దాచుకునేది.

ఒకరోజు మధ్యాహ్నం భర్త గడప దగ్గర కొత్త వల అల్లుతున్నాడు. అత్త బయటికెళ్లింది. మరిది పడుకున్నాడు. ఆమె వచ్చి దారం కండె అందించి, ఎదురుగా కూర్చుంది.

"ఏమయ్యా, ఒక మాట చెప్పాలి. ఆ పడవ..."

"నాకు తెలుసు."

అతని చేతులు ఆగలేదు. ముడి వేసి, బిగించి, పక్క ముడికి వెళ్లాడు.

"ఏం తెలుసు?"

"నీళ్లు తోడుతున్నాం. నడుము దాకా వచ్చేశాయి. ఏదో చేతికి చుట్టుకుంది. నాచు అనుకున్నా. చూస్తే చంటిదాని గుడ్డ." అప్పుడు ఆగాడు. "ఒక్క క్షణం, నువ్వే చెయ్యి పట్టుకుని పిలుస్తున్నావేమో అనుకున్నానే."

ఆమెకు ఏడుపు రాలేదు. "తెలిసి, మరి అక్కడ తాతని అంతమంది అంటుంటే..."

"ఏం చెప్పమంటావు? నా పెళ్లాం చేసిందనా? లోపల పడుకున్న వాడికి వేళ్లు లేవు. అమ్మ నోరు నీకు తెలుసు. తెలిస్తే ఈ గుమ్మంలో నువ్వు ఒక్క పూట నిలబడగలవా?"

"తాత..."

"తాతకి ఇంట్లో ఎవరున్నారు, పొద్దస్తమానం ఎత్తిపొడవడానికి? ఒంటి మనిషి. నాలుగు రోజులు అంటారు, మర్చిపోతారు." గొంతు తగ్గించాడు. "నీ కోసమేనే."

ఆ మాటకి ఆమె కరిగిపోవాల్సింది. ఎన్నాళ్లుగానో అతని నోట వినాలనుకున్న మాట అది. ఇప్పుడు వింటే, తన కోసం అతను తాత గొంతు మీద కాలు వేసి నిలబడినట్టుంది. "పడవ చేతికొచ్చాక చెబుదాం" అంది. "నలుగురిలో చెబుదాం. నేనే చెబుతా."

"చూద్దాంలే" అన్నాడు అతను. ముడి బిగించి దారం పళ్లతో తెంపాడు.

పడవ సిద్ధమైంది. ఈసారి తాత చెప్పినట్టే ఒడ్డున నీళ్లలో కట్టారు. గొడగొడా నిండింది. అంచుల దాకా మునిగింది. రోజులు గడిచేకొద్దీ దానంతట అది కాస్త కాస్త పైకి లేచింది. నీళ్లు తోడాక అడుగున చెమ్మ తప్ప ఏమీ లేదు. పలకలు ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నాయి. రేవు పెద్ద వచ్చి తట్టి చూసి, "సరే, చేసిన తప్పు కడుక్కున్నాడు" అన్నాడు. అందరూ తలూపారు. భర్త కూడా ఊపాడు. ఆమె అతని పక్కకి వచ్చి మోచేత్తో పొడిచింది. అతను ముందుకు చూస్తూ ఉండిపోయాడు.

ఆమె నోరు తెరిచింది. "అసలు..." అంది. అంతలో మరిది కట్టు కట్టిన చేత్తో చంటిదాన్ని అందుకుని, "రావే, మన పడవ ఎక్కుదువుగాని" అన్నాడు. మూడు వేళ్లే ఆ పసి వీపు మీద ఆనాయి. ఆమె నోరు మూసుకుంది.

పడవ అప్పగించిన రోజు నుంచి తాత రేవులో కనిపించలేదు. భర్త వేటకి వెళ్తున్నాడు, వస్తున్నాడు. పడవలో నీళ్లు లేవు. ఆమెకు భయం కూడా లేదు. దాని చోట్లో వేరేది వచ్చి కూర్చుంది, దానికి పేరు తెలియదు. సుత్తి చప్పుడు ఆగిపోయిన రేవు ఎవరికీ వింతగా లేదు. పొద్దున లేవగానే చెవులు అటు పెట్టేది ఆమె ఒక్కతే.

నిన్న ధైర్యం చేసి షెడ్డు దాకా వెళ్లింది. రేకుల తలుపు మూసి ఉంది. బయట ఎండలో ఒక చొక్కా ఆరేసి ఉంది. అది చాలా రోజులుగా అలాగే ఉన్నట్టుంది, భుజాల దగ్గర రంగు వెలిసిపోయింది. తట్టడానికి చెయ్యి ఎత్తింది. తలుపు తీస్తే ఏమనాలి? చెప్పేశాననాలా, చెప్పలేదనాలా? చంటిది చంకలో కదిలింది. ఆమె చెయ్యి దించుకుని వచ్చేసింది. ఇవాళ కూడా వెళ్లింది. ఇవాళ కూడా వచ్చేసింది.

అందుకే, ఈ కథ విన్న మిమ్మల్ని అడగడం. మీరు ఆ రేవువైపు వెళ్లే పని ఉంటే, పడవలన్నీ దాటాక చివర ఉన్న షెడ్డు అది, ముందు ఒక్క పడవా ఉండదు. ఆమెకు ఆగిపోయిన చెయ్యి మీకు ఆగదు. గట్టిగా తట్టండి, సుత్తి తాతా అని పేరు పెట్టి పిలవండి. ఎవరు పంపారని అడిగితే చెప్పినా సరే, చెప్పకపోయినా సరే. తలుపుకి బయట తాళం లేదు, గొళ్లెం లోపలే వేసి ఉంది. ముందు ఆయన ప్రాణాలతో ఉన్నాడో లేడో చూడండి.